పొయ్యి వెలగని క్రిస్మస్

వాటిల్ బెండ్, హే రోడ్డు,
14 జనవరి 2004.

గౌరవనీయులైన బెరిల్ వదిన గారికి,

నోరీన్ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమిద్దరం కులాసా. మీరూ, మీ అబ్బాయి గ్రెగ్, అతని పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. వాన జాడ లేదు. నేరేడు రంగు మబ్బులు నిన్న సాయంత్రం వచ్చి, మా ఇంటి మీదుగా చూస్తూ చూస్తూ వెళ్లిపోయాయి. మర్యాదలు అయ్యాయి కనుక ఇక అసలు విషయానికి వస్తాను.

మీ ఉత్తరం సోమవారం అందింది. వార్తలు ఒక పేజీ, తిట్లు మూడు పేజీలు. చదివి, మడిచి, రొట్టె కోసే చెక్క కింద పెట్టాను. రెండు రోజులు దాని మీదే రొట్టె కోశాను. కోపం కాస్త చల్లారాక జవాబు రాద్దామనుకున్నాను గానీ, ఈ ఎండల్లో ఏదీ చల్లారేలా లేదు.

ముందు ముఖ్యమైన సంగతి. ఫిబ్రవరి మొదటి ఆదివారం వచ్చి క్లెమ్‌ని మీ ఊరు తీసుకుపోతాననీ, వేసవి అయ్యేదాకా మీ దగ్గరే ఉంచుకుని, మాంసం పెట్టి మళ్లీ మనిషిని చేస్తాననీ రాశారు. అది జరగదు. మీరు రండి, మీ గది మీకు ఉంది, దుప్పట్లు ఉతికి ఉన్నాయి. క్లెమ్ మాత్రం ఈ గడప దాటడు. ఆయన నా పెనిమిటి. మీ తమ్ముడు కావడం ఆ తర్వాతి సంగతి.

ఇక క్రిస్మస్. గొర్రెలు పెంచే ఇంట్లో పండగ పూట ఆకులూ కాయలూ పెట్టి మీ వంశం పరువు తీశానన్నారు. జరిగిందేమిటో మీ వైపు నుంచి మీరు రాశారు. నా వైపు నుంచి నేను రాస్తాను.

మీ నాయనమ్మ గారి కాలం నుంచీ ఈ ఇంట్లో క్రిస్మస్ మధ్యాహ్నం అంటే ఓవెన్లో కాల్చిన గొర్రె తొడ, వేడి బంగాళదుంపలు, వేడి గ్రేవీ, పొద్దుటి నుంచి పొయ్యి మీద ఉడుకుతున్న పుడ్డింగు. మంచు పడే దేశపు తిండిని, డిసెంబరులో నిప్పులు చెరిగే ఈ దేశానికి మోసుకొచ్చి, చెమటలు తుడుచుకుంటూ తింటున్నాం. మగవాళ్లు వరండాలో చల్లటి బీరు సీసాలు పట్టుకుని, అబ్బా ఏం ఎండరా అని ముచ్చట్లాడతారు. ఆ ఎండకు ఇంకో మంట జతచేసి లోపల నిలబడేది ఎవరు? మొదట మీ అమ్మగారు, తర్వాత నేను. ఒక ఏడు మీ అమ్మగారు గ్రేవీ కలుపుతూ కలుపుతూ నేల మీద కూలబడ్డారు. అందరూ పరుగెత్తి మొహాన నీళ్లు చల్లారు. ఆవిడ కళ్లు తెరవగానే మీ నాన్నగారు అడిగింది, తొడ మాడిపోలేదు కదా అని. అప్పుడు నేను కొత్త కోడలిని, నోరు లేదు. ఇప్పుడు ఉంది.

మొన్న క్రిస్మస్ నాడు వరండా నీడలో నలభై మూడు డిగ్రీలు. నేను చుక్క పొడిచే వేళకే లేచాను. ఎండ రాకముందే ఉడికించాల్సినవన్నీ ఉడికించి పొయ్యి కట్టేశాను. బంగాళదుంపలు తొక్కతోనే ఉడికించి, వేడి మీదే వెనిగర్ చల్లి మూతపెట్టాను, చల్లారేలోగా పులుపు లోపలికి దిగుతుంది. పప్పుగింజలు బిరియానీ ఆకు వేసి పలుకుగా ఉడికించి, ఉల్లిపాయా నిమ్మరసమూ కలిపాను. దోసకాయ తురిమి, గట్టి పెరుగులో కలిపి, పుదీనా నలిపి వేసి, గిన్నెను ఐసు మీద పెట్టాను. గుమ్మడి పాదు పక్కనున్న టమాటాలు కోసి ఫ్రిజ్‌లో పెట్టకుండా తడిగోనె కింద ఉంచాను, ఫ్రిజ్‌లో పెడితే టమాటా రుచి చచ్చిపోతుంది. బీట్‌రూట్ పచ్చిదే తురిమి కమలారసం పిండాను. పుడ్డింగుకు బదులు మన చెట్టు ఆప్రికాట్లు తెల్లవారుజామునే ఉడికించి చల్లటి కస్టర్డు పోశాను. తొమ్మిదయ్యేసరికి పని అయిపోయింది. ఇన్నేళ్లలో మొదటిసారి క్రిస్మస్ నాడు తల దువ్వుకుని, మంచి గౌను వేసుకుని, గుమ్మంలో నిలబడి మీ అందరినీ పలకరించాను. మీరది గమనించలేదు.

మీరు గమనించింది ఇంట్లో మాంసం వాసన లేకపోవడం. గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చి, ఏమిటమ్మా నోరీన్, ఇంకా పొయ్యి ఎక్కించలేదా అన్నారు. ఎక్కించను వదినా, ఈ ఏడు చల్లటి భోజనం అన్నాను. మీరు గ్రెగ్ వైపు తిరిగి, నేను చెప్పలేదూ, పట్రారా పెట్టె అన్నారు. అంటే ముందే అనుమానించి, కసాయి దగ్గర తొడ కొని, ఐసు పెట్టెలో పెట్టి తెచ్చారన్నమాట. నా ఇంటికి భోజనానికి వస్తూ మీ భోజనం మీరు మోసుకొచ్చారు. అవమానం మీకు జరిగిందని రాశారే, అదెలాగో నాకు అర్థం కాలేదు.

ఓవెన్ మీట ఊడదీసి నా ఏప్రన్ జేబులో వేసుకున్న మాట నిజమే. మీరు గ్రెగ్ చేత పట్టకారు తెప్పించి, మీట లేని చువ్వను తిప్పి వెలిగించిన మాటా నిజమే. అందుకే బయటికి వెళ్లి గ్యాసు సిలిండరు కట్టేశాను. మళ్లీ ఎవరూ తిప్పకుండా కుర్చీ వేసుకుని దాని పక్కనే కూర్చున్నాను. అంత ఎండలో, మంచి గౌనుతో. గ్రెగ్ పాపం ఇటు మీకూ అటు నాకూ చెప్పలేక, పోనీ పెరట్లో కట్టెలు రాజేసి కాలుద్దామా అమ్మా అన్నాడు. ఆ రోజు కార్చిచ్చు భయంతో ఆరుబయట అగ్గిపుల్ల గీస్తే జరిమానా అని రేడియో పొద్దుటి నుంచీ మొత్తుకుంటోంది. మీరు కిటికీలోంచి తల బయటపెట్టి, నా తమ్ముడికి గొర్రెల మేత పెట్టి చంపుతున్నావే, నీ నోటికి జడిసి వాడు కిక్కురుమనడం లేదు గానీ అన్నారు. నేనూ తగ్గలేదు. మేత తింటే గొర్రెలు బాగానే బలుస్తాయి వదినా, మీరు తిన్నది వాటినే కదా అన్నాను. ఆ మాటకు మీకింకా కోపం తగ్గలేదని మూడో పేజీలో తెలిసింది.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. ఆ లెక్కన మీ మాట నేను సగం వినాలి. విన్నాను కూడా. మంద అమ్మేశాక మాంసం కొనడానికి చెయ్యి రావడం లేదా అన్నారు, విన్నాను. పిల్లల్లేని ఇల్లు కనుక పండగంటే నాకు పట్టదన్నారు, అదీ విన్నాను. అది విన్న రాత్రి ఏడ్చాను కూడా, దాచడమెందుకు. కానీ క్లెమ్‌ని నేను ఆకలితో మాడుస్తున్నానన్నారే, అది మాత్రం ఒప్పుకోను. మీ మనవలు దోసకాయ పెరుగు గిన్నె నాకిన సంగతి మీరు రాయలేదేం? గ్రెగ్ బంగాళదుంపలు మూడుసార్లు వడ్డించుకున్నాడు, అదీ మీ ఉత్తరంలో లేదు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. మీరు వెన్న రాసిన రొట్టె తిని, తొడను మళ్లీ పెట్టెలో పెట్టుకుని, ఐసు కరిగిన కారులో మీ ఊరిదాకా మోసుకుపోయారు. అది కుళ్లిందంటే తప్పు ఎండది. నాది కాదు.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాను. పొయ్యి వెలిగించకూడదన్నది నా నిర్ణయం, నా ఒక్కదానిదే. క్లెమ్‌కి అందులో ప్రమేయం లేదు. పెట్టింది తింటాడు, అంతే. కనుక తిట్టదలుచుకుంటే నన్ను తిట్టండి, ఎన్ని పేజీలైనా సరే, చదువుతాను. వచ్చే క్రిస్మస్ మీ ఇంట్లో చేస్తానన్నారు, సంతోషం. మేం రాం. ఇక్కడ మా ఇద్దరికీ చల్లటి భోజనం వండుకుంటాను, ఆ పై క్రిస్మస్‌కూ అదే వండుకుంటాను. మీకు ఎప్పుడు మనసైతే అప్పుడు వచ్చి కూర్చోండి, కంచం పెడతాను.

మీ మరదలు,
నోరీన్

తా.క.

అక్కా, నేను క్లెమ్‌ని, ఇది రాస్తున్నాను. ఊళ్లో పోస్టు చేయమని నోరీన్ ఈ ఉత్తరం ఇచ్చింది. కవరు అంటించలేదు. పోస్టాఫీసు ముందు ట్రక్కులో కూర్చుని చదివాను. అన్నీ నిజాలే, ఒక్కటి తప్ప. ఆ నిర్ణయం తనది కాదు.

మంద అమ్మేశామని నీకు చెప్పాను. అమ్మలేదు. పోయిన వేసవిలో మేత లేదు, కొనేవాడు లేడు, కబేళా వాళ్లు లారీ కిరాయి కూడా గిట్టదని రామన్నారు. నిలబడలేక పడిపోయినవాటిని కాకులు బతికుండగానే పొడుస్తున్నాయి. గుంత తవ్వించి నేనే తుపాకీతో కాల్చాను. వేరేవాళ్ల చేత చేయించబుద్ధి కాలేదు. ట్రక్కు చప్పుడు విని, మేత తెచ్చాననుకుని నిలబడగలిగినవన్నీ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాయి. నాన్న కూడబెట్టిన మంద అక్కా అది.

ఆ తర్వాత మాంసం కాలే వాసనొస్తే కంచం వదిలి బయటికి పోతాను. గొర్రెలవాడు మాంసం తినలేనంటే ఊరు నవ్వుతుందని, నువ్వు ఏడుస్తావని, ఎవరికీ చెప్పొద్దని నోరీన్ చేత ఒట్టు వేయించుకున్నాను. తను ఎండలో సిలిండరు పక్కన కూర్చుని నీ చేత మాటలు పడుతుంటే, నేను తల వంచుకుని బీట్‌రూట్ తింటూ కూర్చున్నాను. జడిసింది నోరీన్‌కి కాదు, నీకు.

ఇప్పటికీ నువ్వంటే భయమే. అయినా చెబుతున్నాను. ఫిబ్రవరిలో రా, నన్ను తీసుకుపోవడానికి కాదు. వచ్చి ముందు నా భార్యకు క్షమాపణ చెప్పు. చెప్పాకే కంచం ముందు కూర్చో.

క్లెమ్