ఎలుకల మందు తిన్న టామీని అమ్మ కాపాడింది

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ టామీ క్షేమం. అది అమ్మ చలవే.

పోయిన వారం పక్కింటివాళ్లు మిరపకాయ బస్తాల మధ్య ఎలుకల మందు కలిపి పెట్టిన పకోడీలను టామీ తినేసింది. అమ్మ కళ్లారా చూసింది.

"ఉప్పునీళ్లు పట్టించొదినా, కక్కేసుద్ది" అన్నాడు బాబాయి.

"వద్దయ్యా, గొంతులో ఏమీ పొయ్యొద్దు! ముందు ఆటో పిలువు" అంది అమ్మ. నువ్వున్నన్నాళ్లూ టామీని గడప తొక్కనివ్వని మనిషి, దాన్ని ఒళ్లో పెట్టుకుని పర్చూరు పశువుల ఆసుపత్రికి వెళ్లింది. పక్కింటివాళ్లనడిగి మందు ప్యాకెట్టు కూడా తీసుకెళ్లింది.

"నాకు చదువు రాదు డాక్టరు గారూ, ఇందులో ఏముందో మీరే చూడండి" అందట.

"ఇది తెచ్చి మంచి పని చేశావమ్మా. ఏ విషమో వెంటనే తెలిసింది" అన్నారాయన. ఇంజెక్షన్లు చేశారు. ఇప్పుడు టామీ మామూలుగానే తింటోంది.

ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక, నలుగురిలో ఎన్నడూ నోరు విప్పని అమ్మ లేచి నిలబడింది. "ఎలుకల మందైనా, పురుగుమందు డబ్బాలైనా తాళం వేసి పెట్టుకోండి. కుక్కాపిల్లీ తింటే ఆలస్యం చేయకుండా, ఆ ప్యాకెట్టుతో సహా ఆసుపత్రికి పరిగెత్తండి" అని గట్టిగా చెప్పింది.

వెనక కూర్చున్న నాకు, "మా అమ్మ!" అని అరవాలనిపించింది నాన్నా.

నీ కూతురు