మొదటి బిందె నీళ్ళు

జులై 8, మంగళవారం
వాటర్ బోర్డు డ్యూటీ — నాంపల్లి స్టేషన్ వెనక గల్లీ, ఈ రెండు నెలల్లో మూడోసారి. యాదమ్మ ఇంటి నల్లా దగ్గరే పరీక్ష. రూలు ప్రకారం ఐదు నిమిషాలు నీళ్ళు వదిలేసి, తర్వాత సీసా పట్టాను. క్లోరిన్ బాగానే ఉంది. "నీళ్ళు మంచివి" అని రాసి సంతకం. యాదమ్మ మొహంలో నమ్మకం లేదు — "మంచియైతే మా కోడలికి గీ వాంతులేంది మేడమ్? ఏడో నెల కడుపుతోనున్న పిల్లకు..."
సీసాలు సంచిలో సర్దుకుని వచ్చేశాను. మోకాళ్ళు సలుపుతున్నాయి.

జులై 9
వాన. అబిడ్స్‌లో గంటసేపు బస్సు కదలలేదు. విసుగు.

జులై 12, శనివారం
నల్లా రాకముందే వెళ్ళి నిలబడ్డాను. రాగానే యాదమ్మ బిందె పెట్టింది. "ఐదు నిమిషాలు వదిలెయ్యమ్మా" అన్నాను, అలవాటుకొద్దీ.
"వచ్చేదే జరసేపు. గా నీళ్ళు మోరీల పోయాల్నా?"
బిందెలోకి వంగి చూశాను. డ్రైనేజీ కంపు. రోజు విడిచి రోజే నల్లా; రాని రోజు పైపు ఖాళీ — పగుళ్ళలోంచి మురుగు దిగుతుంది, మొదటి నీళ్ళతో బయటికొస్తుంది. నేను వదిలేసే నీళ్ళే గల్లీ అంతా తాగుతోంది. ఇన్నేళ్ళ సర్వీసులో తట్టలేదు. సిగ్గుగా ఉంది.
మొదటి నీళ్ళే సీసాలో పట్టి ల్యాబ్‌కిచ్చాను. మరిగించుకోమని ఇంటింటికీ చెప్పాను.

జులై 14
ల్యాబ్ రిపోర్టు — తాగడానికి పనికిరావు. మా ఇంజనీరు సార్ పక్కన పెట్టేశారు. "పద్ధతి ప్రకారం పట్టలేదు కదండీ, చెల్లదు. ఫైల్లో మీవే మూడు మంచి రిపోర్టులున్నాయి. పైపు మార్చడానికి రోడ్డు తవ్వమని ఎలా రాయను?"

జులై 15
ఆ మూడూ తప్పని రాసిచ్చాను. సార్ చదివి వెనక్కిచ్చారు. "రిటైర్మెంటు దగ్గర్లో మెమో ఎందుకు తెచ్చుకుంటారు? ఇంటికెళ్ళి ఆలోచించండి."
ఆలోచించే ఓపిక కూడా లేదు.

జులై 16, బుధవారం
యాదమ్మ ఫోన్. కోడలికి కామెర్లు. దవాఖానలో పెట్టుకున్నారు. కడుపులో పిల్ల సంగతి రెండ్రోజులైతే గానీ చెప్పలేమన్నారట.
తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.
"ఫిల్టర్ నీళ్ళ క్యాను తెప్పిస్తుంటి మేడమ్. మొదటిసారి వచ్చి మీరు మంచిగున్నయన్నంక బంద్ చేసిన..."
నా రిపోర్టులు తప్పని రాసిన కాగితం మళ్ళీ సార్ బల్ల మీద పెట్టి వచ్చాను. ఆయన సీట్లో లేరు. ఎల్లుండి మళ్ళీ నల్లా వస్తుంది.