కొండాపూర్‌లో ఆగిన బస్సు

అన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. బొంబాయి మిల్లు నుంచి సెలవులకు వచ్చినప్పుడల్లా అక్కడి బస్సుల గురించే చెప్పేవాడివి. ముసలమ్మ చెయ్యెత్తినా ఆగుతాయనేవాడివి. పట్నంలో రెండంతస్తుల బస్సులు తిరిగినా, మన కొండాపూర్‌లో మాత్రం వచ్చే ఒక్క బస్సూ ఆగకుండా పోయేది. నిన్ను దవాఖానకు ఎడ్లబండిలోనే తీసుకెళ్లాం, దారిలోనే ప్రాణం పోయింది.

ఈ పొద్దున ఆడవాళ్లమంతా రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాం.

"జరుగుండ్రి, ఈడ స్టాపు లేదు!" అని డ్రైవరు అరిచాడు.

"ఇయ్యాల్టి సంది ఉన్నది. మా మీదికెళ్లి పోతవా, పో!" అన్నాను. అక్కణ్నుంచి కదల్లేదు.

చాలాసేపు హారన్ కొట్టి, చివరికి ఇంజను ఆపాడు. మేమంతా ఎక్కాం.

"రేపు గూడ గిట్లనే అడ్డమొస్తరా?" అని గొణిగాడు.

"ఆపకుంటే రోజూ వస్తం," అని అతని వెనక సీట్లోనే కూర్చున్నాను.

నీ చెల్లె