ఏడున్నర తర్వాత ఇంకో పిట్ట లేదు

మృదులా, కాలేజీ నుంచి రాంగనే తిను, పప్పు కుక్కర్ల ఉంది. ఫోన్ చేతులనే పెట్టుకో. మీ నాయిన పొద్దుగాల పిట్టలు చూడనీకి హిమాయత్‌సాగర్ చెరువు కాడికి పోయిండు, ఇంకా రాలే. ఒక్కడివే పోకు అంటే ఇంటడా? పిట్టలు బెదురుతయని ఫోన్ సైలెంట్ల పెడ్తడు. కానీ చూసిన ప్రతి పిట్టనూ మన గ్రూపుల రాస్తడు. ఏడున్నరకు "హిమాలయాల బాతులు ముప్పై. ఇంకా దగ్గరికి పోతున్న" అని రాసిండు. పదకొండైంది, ఇంకో పిట్ట లేదు. నాంపల్లిల ఆటో ఎక్కి ఆడికే పోతున్న. నాకంటే ముందు ఆయనే ఇంటికొస్తే తిట్టకు, జర నాకు ఫోన్ చెయ్యి.

అమ్మ

ఇప్పుడే చూసిన. కండ్లద్దాలు ఫ్రిజ్ మీదనే మర్చిపోయిండు. బైనాక్యులర్ల దూరం పిట్ట కనిపిస్తది గానీ, కాళ్ళ కింద బురద కనిపియ్యదు.