ఖాళీ కుర్చీలో నువ్వు

అక్కా,

నువ్వు పోయాక మీ ఆయన్ని చేసుకున్నదాన్ని రాస్తున్నాను. నిన్ను పొట్టన పెట్టుకున్న ఆ బండి ప్రమాదం తర్వాత ఆయనకు బండి చూస్తేనే వణుకు. అందుకే వారం వారం నగరి నుంచి బస్సులో తిరుపతికి, కౌన్సెలర్ మేడం దగ్గరికి తీసుకెళ్తున్నాను.

ఈరోజు నన్నూ లోపల ఉండమన్నారు. ఆయనకెదురుగా ఖాళీ కుర్చీ వేసి, "ఇందులో మీ మొదటి భార్య కూర్చుని ఉందనుకుని మాట్లాడండి" అన్నారు.

నాలుగేళ్లుగా నాతో "అన్నం పెట్టు" తప్ప మరో మాట లేని ఆయన అరగంట మాట్లాడారు.

"ఆ దినం మెల్లిగా తోలింటే నువ్వు ఈడే ఉందువు కదే" అని ఏడ్చారు. "నీ మల్లెచెట్టుకు దినామూ నీళ్లు పోస్తాండా" అన్నారు.

పోసేది నేనక్కా.

చివర్లో మేడం నన్ను ఆ కుర్చీలో కూర్చోమన్నారు. కూర్చున్నాను. అంతసేపూ దాని మీంచి చూపు తిప్పని ఆయన, కిటికీ వైపు తిరిగారు.