మందు దట్టిస్తున్న మనవరాలు

జురాంగ్ ఈస్ట్, సింగపూర్
3 మార్చి 2005

తాతయ్యగారికి నిఖిల నమస్కారాలు.

నేను తాగుబోతునయ్యానని ఇంటిల్లిపాదీ ఎలా తేల్చేశారో నాకు తెలియాలి. ఫోన్లో అమ్మతో "రోజంతా మందుతోనే సరిపోతోంది, ఎంత పోసినా మా బాసుకి చాలడం లేదు" అన్న మాట నిజమే. అది తుపాకీ మందు! మా ఆఫీసులో కంప్యూటర్ ఆట తయారు చేస్తున్నాం. అందులో వేటగాడి చెకుముకి తుపాకీని నడిపించే ప్రోగ్రాం నాది. మీరు వాడినవారు కదా, దట్టించడానికి ఎంతసేపు పట్టేదో రాయండి.

మీ నిఖిల

తా.క.: తాగుడు మానడానికి అమ్మ పంపిన ఆకుమందుని మా రూమ్మేట్ శ్రీలేఖ టీ అనుకుని తాగేసింది. పాపం, కాఫీ కూడా మానేసింది.


రాజవొమ్మంగి
14 మార్చి

చిరంజీవి నిఖిలకు ఆశీస్సులు.

గొట్టంలో మందు పోసి, గుడ్డపీలికా గుండూ వేసి, ఊచతో దట్టించాలి. పక్కనున్న చిన్న పళ్ళెంలో చిటికెడు మందు వెయ్యాలి. మీట నొక్కితే చెకుముకిరాయి ఉక్కుకి తగిలి రవ్వ రాలుతుంది. చేయి తిరిగినవాడికి అర నిమిషం. చినుకు పడితే తుస్సే. నా తుపాకీ స్టేషన్లో అప్పగించి ముప్పై ఏళ్ళయింది, నీకక్కడ ఎవరిచ్చారే? కొట్టిన పందిని లిఫ్టులో ఎక్కించనిస్తారా?

తాతయ్య గురునాథం

తా.క.: నీకు చూస్తున్న పెళ్ళికొడుకు తండ్రి మధుసూదనరావుగారు మందు సంగతి అడిగారు. "అబ్బే, తాగడానికి కాదండీ, పేల్చడానికి" అని సర్దిచెప్పాను. అప్పట్నుంచి ఫోనెత్తడం లేదు.


జురాంగ్ ఈస్ట్
25 మార్చి

తాతయ్యగారికి,

పంది కూడా కంప్యూటర్లోనే ఉంది! ఇక్కడ గొడవ వేరు. మా బాసు టాన్ ఆ అర నిమిషం చూసి "వై సో స్లో లా? ఈలోగా ఆడేవాడు మకాన్ తినేసి వస్తాడు" అన్నాడు. మకాన్ అంటే ఇక్కడ తిండి. టపటపా పేల్చమంటాడు. ఏప్రిల్ నెలాఖరుకి ఆ అర నిమిషం రక్తి కట్టకపోతే నా తుపాకీ తీసేసి, నన్ను బ్యాంకు లెక్కల ప్రోగ్రాముల్లో పడేస్తాడు. ఆరునెలల పని, తాతయ్యా! మీరు ఎప్పుడూ చెప్పే ఆ పంది వేటలో, గురి తప్పాక, పంది మీదికొస్తుంటే, ఆ అర నిమిషం మీరేం చేశారు?

నిఖిల

తా.క.: తుపాకీ లేదు. నిజంగా లేదు.


రాజవొమ్మంగి
6 ఏప్రిల్

చిరంజీవి నిఖిలకు,

నేనా? కదిలితేగా! కొండలా నిలబడి, మీసం దువ్వి, మళ్ళీ దట్టించి, సరిగ్గా నుదుటిమీద కొట్టాను. ఊరంతా సాక్ష్యం.

తాతయ్య

తా.క.: మధుసూదనరావుగారు దారికొచ్చారు. నువ్వు ఆ తుపాకుల ఉద్యోగం మానేస్తే చాలట. మే పన్నెండున పెళ్ళిచూపులు. నా కళ్ళజోడు కనబడక కవరు మీ నాయనమ్మ అంటిస్తోంది.


జురాంగ్ ఈస్ట్
29 ఏప్రిల్

తాతయ్యగారికి,

కవరు అడుగున నాయనమ్మ చీటీ దొరికింది. "మీ తాత గురి తప్పి, తుపాకీ పారేసి చింతచెట్టెక్కాడు. చద్ది పట్టుకెళ్ళిన నేను దట్టించి కొట్టాను. ఆయన దిగడానికి అరగంట పట్టింది."

ఆట మార్చేశాను. ఇప్పుడు ఆడేది భార్య. "మందెక్కువైందే! ఊచ బయటికి తియ్యవే!" అని చెట్టుమీంచి మొగుడు సలహాలిస్తుంటే, పంది వచ్చేలోగా కింద ఆవిడ దట్టించాలి. అర నిమిషం చాలక టాన్ ఐదుసార్లు చచ్చాడు. మకాన్ మానేసి మరీ ఆడాడు. "షియోక్ లా! ఇందులో ఏదీ ముట్టుకోకు" అన్నాడు. షియోక్ అంటే బ్రహ్మాండం అని అర్థం.

వేటగత్తెకి నాయనమ్మ పేరే, వెంకటరమణమ్మ. మీ పేరు పెట్టలేదు, మీ చెట్టు పెట్టాను.

నిఖిల

తా.క.: ఉద్యోగం మానను. పన్నెండున రావడం లేదు.