సలీం రాసిన జపాన్ దర్శకుడు

సలీం,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీకిష్టమైన ఆ జపాన్ యానిమే దర్శకుడి కొత్త సినిమా మెదక్‌లో ఆడుతోంది. తూప్రాన్ నుంచి కూడా కాలేజీ పిల్లలు బైకుల మీద వచ్చి హాలు నింపారు.

నాలుగేళ్ల కింద శివ్వంపేట విలేకరిగా నువ్వు అతని మీద పంపిన వార్తను జిల్లా పేజీకి ఎక్కించనిది, మెదక్ ఇన్‌చార్జిగా ఉన్న నేనే.

"బొమ్మల సినిమా గురించి ఇక్కడెవరు సదువుతరు సలీం? వరికోతల వార్త పంపు."

"నేనున్న గదా అన్నా, ఒక్కడన్న దొరికిండు గదా," అని నవ్వావు. మళ్లీ అడగలేదు.

మొన్న ఆఫీసువాళ్లే అతని మీద వార్త కావాలన్నారు. నీ పాత మెయిల్ తెరిచాను. అతను చిన్న స్టూడియోలో సహాయకుడిగా చేరడం, మొదటి రెండు సినిమాలు ఆడకపోవడం, అయినా గీయడం మానకపోవడం అన్నీ అందులో ఉన్నాయి. చివరి పేరా మాత్రం నేను చేర్చి, నీ పేరుతో పంపాను.

డెస్క్ నుంచి ఫోన్ వచ్చింది. "లేనోని పేరు ఎట్ల ఏస్తం అన్నా?"

ఇవాళ అది నా పేరుతో వచ్చింది. పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసింది.

"మా సలీం గాయన గురించే చెప్తుండె సార్. మస్తు రాసిండ్రు."

నీ మాటలేనని ఆమెకు చెప్పలేకపోయాను.